రాత్రి అన్నం మానేసి పొద్దున్న పరుగెత్తమంటే కాళ్ళెలా కదుల్తాయి?

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలో పర్లాకిమిడి. నాకు 22 ఏళ్ళు, బరువు 52 కేజీలు. డిగ్రీ అయ్యాక పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాను. వారంలో ఆరు రోజులు పొద్దున్న ఐదింటికి పరుగు, అందులో రెండు రోజులు గ్రౌండులో 400 మీటర్ల రౌండ్లు గట్టిగా తీస్తాను. మూడు సాయంత్రాలు తమ్ముడితో కలిసి జిమ్‌కి వెళ్తాను. వీడియోలు చూసి ఆర్నెల్ల కిందట అన్నం మానేశాను. పొద్దున్న ఖాళీ కడుపుతో బ్లాక్ కాఫీ, పరుగయ్యాక రెండు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి కీరా, టమాటా ముక్కలు. మొదట్లో మూడు కేజీలు తగ్గాను, సంతోషపడ్డాను. ఇప్పుడు నాలుగో రౌండుకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. టైమింగ్ మెరుగవడం పోయి ఇంకా వెనక్కి పోతోంది. రాత్రి పదకొండింటికి ఆకలి ఆగక మిక్చర్ పేకెట్, బిస్కట్లు తినేసి తర్వాత ఏడుస్తున్నాను. మూడు నెలలుగా నెలసరి కూడా రాలేదు, అమ్మకి చెప్పలేదు. నాన్నకి చిన్న కిరాణా కొట్టు. అమ్మకి షుగరు, నాన్నమ్మకి పళ్ళు లేవు. ఐదుగురికీ వంట నాదే. నాకోసం వేరేగా వండుకోడానికి టైమూ లేదు, డబ్బూ లేదు. ఏ ప్రోటీన్ పౌడర్ కొనుక్కోమంటారు? అన్నం తింటే నిజంగా లావైపోతానా?

జవాబు: చెల్లీ, పౌడరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశావే, మూడు నెలలుగా నెలసరి లేదని, ముందు అది. ఈ వారంలోనే ఆడవాళ్ళ డాక్టరుకి చూపించుకో. మీ ఊళ్ళో జిల్లా ఆసుపత్రి ఉంది. అక్కడ కుదరకపోతే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రా. నెలసరి ఆగడానికి చాలా కారణాలుంటాయి. థైరాయిడ్ కావచ్చు, అండాశయాల్లో నీటిబుడగలు కావచ్చు, మరోటి కావచ్చు. అది డాక్టరు తేల్చాలి. ఎంత పరుగెడుతున్నావో, ఏం తింటున్నావో, ఎన్ని నెలల్లో ఎన్ని కేజీలు తగ్గావో అన్నీ సిగ్గుపడకుండా చెప్పు. వాళ్ళు అడగకపోయినా చెప్పు. ఈ సాయంత్రమే మీ అమ్మకి కూడా చెప్పు. ఆవిడ కోప్పడినా నీతోపాటు వస్తుంది.

ఉత్తరం చదవగానే నాకు తట్టిన కారణం మాత్రం తిండి చాలకపోవడం. ఎలాగంటే, నువ్వు తిన్నదాంట్లో ముందు పరుగు తన వాటా లాగేసుకుంటుంది. మిగిలిన దాంతో గుండె, మెదడు, ఎముకలు, రక్తం, గర్భాశయం అన్నీ నడవాలి. మిగిలేది మరీ తక్కువైనప్పుడు శరీరం బతకడానికి అక్కర్లేని పనులు ఒక్కొక్కటీ ఆపుకుంటూ వస్తుంది. ఆడపిల్లలో ఆ లిస్టులో ముందుండేది నెలసరి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టింది, అంటే ఆటలాడేవాళ్ళకి ఖర్చుకి తగ్గ శక్తి తిండిలో అందకపోవడం. మగపిల్లలకీ వస్తుంది, కాకపోతే వాళ్ళకి నెలసరి లాంటి గంట మోగదు. నీకు మోగింది. ‘నెలనెలా ఆ బాధ తప్పింది, హాయిగా ఉంది’ అనుకునే ఆటగత్తెల్ని నేను చాలామందిని చూశాను. హాయి కాదమ్మా అది. తిండి చాలక నెలసరి ఆగిందంటే ఈస్ట్రోజెన్ అనే హార్మోను పడిపోయిందని అర్థం. అది పడిపోతే ఎముక పల్చబడుతుంది.

నా సంగతి చెప్తాను. ఇరవై ఏళ్ళప్పుడు నేను 800 మీటర్లు పరుగెత్తేదాన్ని. ఒక క్యాంపులో మాకు శిక్షణ ఇచ్చినాయన రాత్రి అన్నం ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకోలేదు. రెండు నెలలకి ఎడమకాలి ముందెముక మీద, మోకాలికి జానెడు కింద, ఒక్కచోట నొప్పి మొదలైంది. వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోటు. పరుగులోనే కాదు, రాత్రి పడుకున్నా సలిపేది. కండ పట్టేసిందన్నారు, నూనె రాయించారు. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. మూడు వారాల తర్వాత తీసిన దాంట్లో సన్నని గీత కనపడింది, వెంట్రుకవాసి. దాని వల్ల ఆ ఏడాది పోటీలన్నీ పోయాయి. నీకు అలాంటి నొప్పి ఉందో లేదో రాయలేదు. స్నానం చేసేటప్పుడు రెండు కాళ్ళ ముందెముకా బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ చూసుకో. ఒకేచోట చురుక్కుమంటే పరుగు ఆపి అది కూడా డాక్టరుకి చూపించు. ఏ నొప్పీ లేకపోయినా సరే, డాక్టరు చూసి చెప్పేదాకా ఆ రెండు గట్టి రోజులూ మానెయ్యి. మాట్లాడుకుంటూ వెళ్ళగలిగేంత మెల్లగా పరుగెత్తు, చాలు.

ఇక అన్నం గురించి. మెల్లగా నడిచేటప్పుడు శరీరం కొవ్వు కరిగించుకుని సర్దుకుంటుంది. 400 మీటర్ల రౌండు గట్టిగా తీసేటప్పుడు దానికంత తీరిక ఉండదు. అప్పుడు కావాల్సింది గ్లైకోజెన్, అంటే అన్నం, రొట్టె, అరటిపండు, బెల్లం లాంటి వాటిలోని పిండిపదార్థాన్ని కండరాల్లో, కాలేయంలో దాచుకున్న నిల్వ. అది మహా అయితే ఓ అరకేజీ ఉంటుంది. కాలేయంలో ఉన్నది రాత్రి నువ్వు నిద్రపోతుంటేనే చాలావరకు ఖర్చయిపోతుంది, మెదడుకి రాత్రంతా చక్కెర అందించేది అదే కాబట్టి. రాత్రి కీరా ముక్కలతో సరిపెట్టి, తెల్లారి బ్లాక్ కాఫీ తాగి గ్రౌండుకి పోతే నిల్వ ఎక్కడుంటుంది? మూడు రౌండ్లు అడుగున ఉన్నది గీరి తెచ్చుకుంటున్నావు, నాలుగోదానికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నీ కాళ్ళలో సత్తువ లేక కాదు, పొయ్యిలో కట్టెలు లేక. కాఫీ కట్టె కాదు, అది గొట్టంతో ఊదడం లాంటిది.

ఎంత కావాలి? నీలా రోజూ గంటా, గంటన్నర కష్టపడేవాళ్ళకి కేజీ బరువుకి 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం కావాలి. నీ 52 కేజీలకి రోజుకి ఓ 300 గ్రాములనుకో. ప్రోటీన్ కేజీకి గ్రామున్నర చొప్పున 75 నుంచి 80 గ్రాములు చాలు. నువ్వు రాసిన తిండిని నేను కాగితం మీద లెక్కేసి చూశాను. పిండిపదార్థం వంద గ్రాములు దాటలేదు, ప్రోటీన్ పాతిక దాటలేదు. రాత్రి పదకొండింటికి మిక్చర్ పేకెట్ మీద పడుతున్నది నీ మనసు బలహీనపడి కాదు. పగలంతా బాకీ పెట్టావు, శరీరం వసూలుకి వస్తోంది. దానికి ఏడవకు, దయచేసి.

100 గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, ఏడెనిమిది గ్రాముల ప్రోటీన్ కూడా ఉంటుంది. దాంట్లో విషమేమీ లేదు. లావు కావడం, సన్నబడడం రోజు మొత్తంలో ఎంత తిన్నావు, ఎంత ఖర్చుపెట్టావు అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఒకమాట ముందే చెప్తున్నాను, తర్వాత కంగారుపడొద్దు. మళ్ళీ అన్నం మొదలెట్టిన పదిరోజుల్లో తూకంలో కేజీ, కేజీన్నర పెరుగుతావు. అది కొవ్వు కాదు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఆ బరువే నీ నాలుగో రౌండు.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. వేరేగా వండుకోడానికి టైము లేదన్నావు. వద్దు, వేరేగా వండకు. కుండ ఒకటే ఉండాలి, కంచాలు మాత్రం ఎవరివి వాళ్ళవి. మీ నాన్న కొట్లో తూకం ఉంది కదా, ఓ మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని 120 గ్రాముల బియ్యం, 40 గ్రాముల కందిపప్పు, 30 గ్రాముల పుట్నాలు, 50 గ్రాముల చోడి పిండి, అంటే రాగి పిండి, తూచి, మీ ఇంట్లో వాడే గ్లాసులో ఎక్కడిదాకా వస్తున్నాయో చూసుకో. ఒక్కసారి చూస్తే చాలు, తర్వాత కన్నే తూస్తుంది. ఫోన్లో కేలరీలు లెక్కపెట్టే యాప్‌లు మాత్రం నీకు వద్దు. తినడానికే భయపడుతున్న పిల్ల చేతిలో అవి మంచి చెయ్యవు.

పొద్దున్న లేవగానే, బూట్లు కట్టుకునేలోపు, ఓ అరటిపండు. అరటిపండు లేకపోతే గుప్పెడు అటుకులు, చిన్న బెల్లం ముక్క. ఇరవై ఐదు గ్రాముల పిండిపదార్థం, అంతే. మొదట మూడు రోజులు కడుపులో కదిలినట్టుంటుంది, తర్వాత అలవాటవుతుంది. కాఫీ తాగాలనుంటే దాని తర్వాత తాగు.

పరుగునుంచి వచ్చాక నువ్వేం చేస్తావో నువ్వు రాయలేదు గానీ నేను చెప్పగలను, ఎందుకంటే నేనూ అదే చేశాను. చెమటబట్టలతోనే వంటింట్లో దూరతావు. ఎనిమిదింటికి నాన్నకి, తమ్ముడికి అన్నీ అవ్వాలి. అమ్మకి షుగరు మాత్రకి ముందు టిఫిన్ పడాలి. నాన్నమ్మకి మెత్తగా ఏదో కలపాలి. అందరూ తిన్నాక తొమ్మిదిన్నరకి నీ నోట్లో ఆ రెండు గుడ్ల తెల్లసొన. అప్పటికి ఆకలి చచ్చిపోతుంది, పరుగులో అరిగిన కండరం గంటల తరబడి ఎదురుచూసి ఊరుకుంటుంది. మన ఇళ్ళలో వండిన ఆడపిల్ల ఆఖర్న, మిగిలింది తింటుంది. దాన్ని మర్యాద అంటారు. నాకు దీనిమీద ఉన్న కోపం ఇన్నేళ్ళయినా తగ్గలేదు. నువ్వు ఆఖర్న తినకు. వచ్చి కాళ్ళు చేతులు కడుక్కోగానే, ఇంట్లోవాళ్ళ వంట మొదలెట్టకముందే తిను. ఎవరైనా ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

అందుకు రాత్రే సిద్ధం చేసి పెట్టుకోవాల్సింది చోడి అంబలి. మీ నాన్నమ్మకి ఇది నాకంటే బాగా తెలుసు, ఆవిడనే అడుగు. ఒడియావాళ్ళు మండియా అనే ఈ చోళ్ళు మీకు దొరికినంత బాగా పెద్ద పట్నాల్లో దొరకవు. గుమ్మ కొండలనుంచి సవరలు పండించి దింపే గింజ రుచి వేరు. 50 గ్రాముల పిండిని రాత్రి ఓ గ్లాసు పల్చటి మజ్జిగలో కలిపి మూతపెట్టు. తెల్లారేసరికి పైన చిన్న బుడగలు కట్టి, పుల్లటి వాసన వస్తుంది. రెండు గ్లాసుల నీళ్ళు మరగబెట్టి, మంట తగ్గించి, ఈ పిండి సన్నటి ధారగా పోస్తూ తెడ్డుతో తిప్పు. పొయ్యడం ఆపినా తిప్పడం ఆపొద్దు, ఆగితే ఉండ కడుతుంది. మొదట చిక్కటి మట్టిరంగులో ఉంటుంది. ఐదారు నిమిషాలకి మెరుపు వస్తుంది, తెడ్డు ఎత్తితే రిబ్బన్‌లా జారుతుంది. అప్పుడు ఉప్పు వేసి దించు. రాత్రే కాచిపెట్టుకున్నా పరవాలేదు, పొద్దున్న ఓ గ్లాసు పెరుగు చిలికి కలుపుకుంటే సరిపోతుంది. దీంట్లో 35 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. కాల్షియం సంగతికొస్తే, 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైనే. నీ కాలి ఎముకకి ఇంతకంటే చవకైన మందు లేదు. పులియబెట్టడం కూడా ఉత్తినే కాదు, అలా చేస్తే గింజలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

అంబలితోపాటు రెండు ఉడకబెట్టిన గుడ్లు, పచ్చసొనతో సహా. గుడ్డులో ఉన్న ప్రోటీనులో ఐదింట రెండు వంతులు ఆ పచ్చసొనలోనే ఉంది. పారేసిన పచ్చసొనలు ఆర్నెల్లలో ఎన్నయ్యాయో తలచుకుంటే నాకు మనసు మనసులో లేదు.

మధ్యాహ్నానికి దాల్మా వండు. మన తెలుగిళ్ళలో పప్పు ఒకటి, కూర ఒకటి, పులుసు ఒకటి అని మూడు గిన్నెలు పెడతాం, నీలాంటి పిల్లకి అది కుదరదు. దాల్మాలో పప్పూ కూరగాయలూ ఒక్కచోటే. ఐదుగురికి 200 గ్రాముల కందిపప్పు, పరుగుకి వెళ్ళేముందు నానబెట్టి వెళ్ళు. గుమ్మడికాయ, అరటికాయ, బొప్పాయి కాయ, చేమదుంప పెద్దపెద్ద ముక్కలుగా రాత్రే కోసి ఉంచుకో. అరటికాయ, చేమదుంప నీళ్ళలో వెయ్యి, లేకపోతే నల్లబడతాయి. పప్పు, ముక్కలు, పసుపు, ఉప్పు, బిర్యానీ ఆకు వేసి కుక్కర్లో రెండు కూతలు. వంకాయ, మునక్కాడ మాత్రం తర్వాత వేసి మూత లేకుండా ఉడికించు. ముందే వేస్తే వంకాయ కనపడకుండా పోతుంది. చిన్న మూకుడులో నెయ్యి వేడిచేసి ఎండుమిరప, పంచ్ ఫుటన్ వెయ్యి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, కలోంజీ ఐదూ చిటపటమన్నాక కుక్కర్లోకి ఒంపు. పైన కొబ్బరి తురుము, వేయించి దంచిన జీలకర్ర మిరపపొడి. ఇక్కడ మన చెయ్యి అలవాటుగా చింతపండు డబ్బామీదికి పోతుంది, ఆపుకో. పులుపు పడితే అది సాంబారు వైపు పోతుంది గానీ దాల్మా కాదు. కంచంలో వేసుకున్నాక నిమ్మకాయ పిండుకో, అది ఇనుము పట్టడానికి మంచిది.

ఇప్పుడు కంచాలు. నీకు 120 గ్రాముల బియ్యం అన్నం, రెండు పెద్ద గరిటెల దాల్మా, ఓ కప్పు పెరుగు. మీ అమ్మకి అన్నం ఇందులో సగం కంటే తక్కువ, దాల్మా మాత్రం రెట్టింపు. ముందు ముక్కలు తిని తర్వాత అన్నం కలుపుకోమను. ఎంత తినాలన్నది ఆవిడ డాక్టరు చెప్పినట్టే, మాత్రలు మాత్రం మీరెవరూ మార్చొద్దు. ఇంటికి ఉప్పుడు బియ్యం తెచ్చుకుంటే ఇద్దరికీ మేలు. అది చక్కెరని కాస్త మెల్లగా పెంచుతుంది, వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి విటమిన్లు కొన్ని గింజలోకి దిగుతాయి. తమ్ముడికి ఇంకో గుడ్డు. నాన్నమ్మకి అదే దాల్మా గరిటెతో మెదిపి, అన్నం జావలా చేసి నెయ్యి వెయ్యి. నాన్న సంగతి సరే, పెట్టింది తింటాడు.

ప్రోటీన్ అంటే చిన్న చిన్న ముక్కలు కలిసి కట్టుకున్నది. అన్నంలో లైసిన్ అనే ముక్క తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్ అన్నంలో ఉంటుంది. మన పెద్దవాళ్ళు లెక్కలు చూసి కలపలేదు గానీ పప్పన్నం కలిస్తే ప్రోటీన్ పూర్తవుతుంది. నువ్వు అన్నం తీసేసి ఉత్త గుడ్డు తెల్లసొనకి దిగినప్పుడు ఇదంతా పోగొట్టుకున్నావు.

సాయంత్రం జిమ్‌కి గంట ముందు మరమరాలు, అదే మీ ఊరి మూరీ, 30 గ్రాములు, పుట్నాలు 30 గ్రాములు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నాలుగు చుక్కల ఆవనూనె. కొట్లోంచే తెచ్చుకో, ఖర్చు లేదు. జిమ్ లేని రోజు కూడా తిను. రాత్రి మిక్చర్ పేకెట్‌ని ఆపేది నీ పట్టుదల కాదు, ఈ సాయంత్రం గిన్నె.

రాత్రి మళ్ళీ అన్నం. 100 గ్రాముల బియ్యం. ఇది తప్పకూడదు, రేపటి పరుగు ఈ రాత్రే మొదలవుతుంది. తోడుగా చేప. 100 గ్రాముల చేపలో 18, 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. చవగ్గా కావాలంటే ఎండు నెత్తళ్ళు, ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం కూడా. గోరువెచ్చటి నీళ్ళలో రెండుసార్లు కడుగు, ఉప్పు పోతుంది. మీ ఇంట్లో గురువారం నీచు మానేసే అలవాటు ఉంటే ఆ రోజు మీల్ మేకర్. ఉప్పేసిన వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండితే ఆ పచ్చివాసన పోతుంది. ఉల్లి, అల్లం, టమాటాలో వేయించు. 30 గ్రాముల పొడి మీల్ మేకర్‌లో 15 గ్రాముల ప్రోటీన్. ఉలవలు మొలకెత్తించి గుగ్గిళ్ళు చేసినా సరే, కాకపోతే పడుకునేముందు కొందరికి ఉబ్బరం చేస్తాయి, మధ్యాహ్నానికి పెట్టుకో. పడుకునేటప్పుడు ఓ గ్లాసు పాలు.

లెక్క కూడితే ప్రోటీన్ 75 దాటింది, పిండిపదార్థం 300 వచ్చింది. ఇందులో పౌడరు ఎక్కడ కావాలి? ఆ డబ్బాలో కొలత గరిటెడుకి 20 నుంచి 25 గ్రాములు ఉంటుంది, నిజమే. అది నువ్వు మూడున్నర గుడ్లలోనో, నలభై, యాభై గ్రాముల మీల్ మేకర్‌లోనో తెచ్చుకోగలవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రోటీన్ పౌడర్లు వాడొద్దనే చెప్పింది. నీకు తక్కువైంది అసలు ప్రోటీన్ ఒక్కటే కాదు, తిండి మొత్తం. అన్నం లేకుండా పౌడరు తాగితే శరీరం ఆ ఖరీదైన ప్రోటీన్‌ని కూడా కట్టెల్లాగే పొయ్యిలో పెట్టేస్తుంది. ఆ డబ్బులు చేపలకి, పెరుగుకి, ఒక మంచి జత బూట్లకి పెట్టు.

మార్చి నుంచి వర్షాలు పడేదాకా ఒక మార్పు. ఎండల్లో పరుగునుంచి రాగానే వేడి అంబలి దిగదు. అప్పుడు చద్దన్నం. ఒడిశాలో మార్చి 20న పఖాళ దినమని ఊరూవాడా జరుపుకుంటారు కదా, అదే. వాళ్ళు ఆ పులిసిన నీళ్ళని తొరాణి అంటారు, మనం తరవాణి అంటాం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఉప్పు, పెరుగు, నలిపిన పచ్చిమిర్చి, కరివేపాకు వేసుకో. నీళ్ళు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఒక్క గిన్నెలో. ప్రోటీన్ మాత్రం దాంట్లో చాలదు, ఆ రెండు గుడ్లూ పక్కన ఉండాల్సిందే. ఎంత చెమట పోతోందో తెలుసుకోవాలంటే ఓ రోజు పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకో. అరకేజీ తగ్గితే అర లీటరు నీళ్ళు పోయినట్టు. దానికి కాస్త ఎక్కువే, ముప్పావు లీటరు దాకా, తర్వాతి రెండు గంటల్లో మెల్లగా తాగు. ఉత్త నీళ్ళే కాకుండా ఉప్పు వేసిన మజ్జిగ అయితే మేలు.

డాక్టరు దగ్గర హిమోగ్లోబిన్ చూపించుకోవడం మర్చిపోకు. 12 కంటే తక్కువుంటే రక్తహీనత. నీ కళ్ళు బైర్లు కమ్మడానికి అదీ తోడై ఉండొచ్చు. తక్కువుంటే వాళ్ళిచ్చే ఐరన్ మాత్ర వేసుకో, మునగాకుతోనే నయమవుతుందని మొండికెయ్యకు. మునగాకు, తోటకూర, వారానికోసారి మేక కార్జం తిను, అవి మాత్రకి తోడు. టీ, కాఫీ మాత్రం అన్నానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు, ఇనుముని పట్టనివ్వవు. మన ఇళ్ళలో టిఫిన్ నోట్లో ఉండగానే టీ గ్లాసు చేతికొస్తుంది, ఆ అలవాటు మానుకోవడం అన్నిటికంటే కష్టం అని నాకు తెలుసు.

ఇవన్నీ రేపే మొదలెట్టకు. ఆర్నెల్లు అరకడుపుతో ఉన్న పొట్ట ఒక్కసారిగా ఇంత పట్టదు, ఉబ్బరం వస్తే భయపడి మళ్ళీ మానేస్తావు. మొదటి వారం రెండే రెండు: పరుగుకి ముందు అరటిపండు, రాత్రి ఓ గరిటెడు అన్నం. రెండో వారం అంబలి, పచ్చసొన. మూడో వారం మధ్యాహ్నం పుల్కాల బదులు అన్నం దాల్మా, ఆ తర్వాత రాత్రి అన్నం పూర్తిగా. ఓ చిన్న పుస్తకంలో రోజూ మూడు ముక్కలు రాసుకో: నిద్ర ఎలా పట్టింది, పరుగులో కాళ్ళెలా ఉన్నాయి, రాత్రి ఆకలేసిందా. తూకం రాయొద్దు. నెలసరి తిరిగి రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. ఎముకలూ రక్తమూ లోపల సర్దుకుంటున్నా బయటికి కనపడదు, ఓపిక పట్టు.

డాక్టరుకి చూపించుకున్నాక ఏం చెప్పారో, హిమోగ్లోబిన్ ఎంతుందో నాకు రాయి. కాలి ఎముక నొక్కి చూసుకున్నావో లేదో కూడా.